షార్ట్ ఫిల్మ్‌లో వీధి గొడవ: పొడిచినవాడు, పోయినవాడు, చూస్తూ నిలబడ్డవాడు. పాత్రలు నిలబడ్డాయా?

రఫ్‌కట్
మా షార్ట్ ఫిల్మ్ రఫ్ కట్ (ఇంకా మెరుగులు దిద్దని ఎడిట్) చూసినవాళ్లందరికీ థాంక్స్. చూడనివాళ్ల కోసం కథ క్లుప్తంగా చెప్తాను. నిడివి 13 నిమిషాలు. ఒకే వీధిలో పెరిగిన ఇద్దరు కుర్రాళ్లు. ఒకడు ఎవరి చేతిలోనో చెంపదెబ్బ తిన్న వీడియో ఫోన్లలో తిరుగుతుంది. దాన్ని నలుగురికీ పంపింది రెండోవాడే అని బయటపడుతుంది. సాయంత్రం ఇద్దరూ వీధిలో ఎదురుపడతారు. మాటామాటా పెరుగుతుంది, తోసుకుంటారు, చెంపదెబ్బ తిన్నవాడి జేబులోంచి కత్తి బయటికొస్తుంది. పక్కనే ఇద్దరికీ తెలిసిన స్నేహితుడొకడు. చుట్టూ జనం, చేతుల్లో ఫోన్లు. చివర్లో తల్లి పరుగెత్తుకొస్తుంది.

కలర్, సౌండ్ సంగతులకి వేరే థ్రెడ్ ఉంది. ఇక్కడ నాకు కావాల్సింది పాత్రల గురించి. చూసినవాళ్లలో ఒకరు "మనుషులు కనబడలేదు, పోస్టర్లు కనబడ్డాయి" అన్నారు. ఎక్కడ అలా అనిపించిందో షాట్ చెప్పి మరీ తిట్టండి. "బాగుంది బ్రో" అని రాసేవాళ్లకి ముందే దండం.

మూడోవరుస
షాట్ అడిగారు కాబట్టి చెప్తున్నా. పొడిచేవాడి ఇంట్రో. వెనక నుంచి తీశారు. తల మీద హుడీ, కెమెరా నేలకి ఆనించినట్టు, వాడు అడుగేసినప్పుడల్లా బేస్. ఇంతకీ వాడు చేసిన పనేంటి? గేటు తీసుకుని వీధిలోకి వచ్చాడు. దానికే ఆర్.ఆర్. (నేపథ్య సంగీతం) శిక్ష వేసేసింది.

పోయేవాడి ఇంట్రో దాని పక్కన పెట్టి చూడండి. కిటికీ వెలుతురు, ముఖం నిండా క్లోజప్, బ్యాగులో పుస్తకాలు సర్దుకుంటూ తల్లి మీద జోకులు. ఒకడికి ముఖం ఇచ్చారు, ఒకడికి వీపు ఇచ్చారు. రెండో నిమిషానికల్లా ఎవడు పొడుస్తాడో, ఎవడు పోతాడో తేలిపోయింది. ఆ తర్వాత కత్తి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటం తప్ప నాకు పని లేకుండా పోయింది.

రఫ్‌కట్
మూడోవరుస గారూ, రెండు గంటల సినిమా అయితే ఒప్పుకునేవాణ్ణి. 13 నిమిషాల్లో ఇద్దరి పుట్టుపూర్వోత్తరాలు చెప్పలేను కదా. ప్రేక్షకుడికి వెంటనే అందే గుర్తులు కావాలి. హుడీ, నడక, మ్యూజిక్ అందుకే.

మూడోవరుస
గుర్తులు వద్దనడం లేదు. నిడివి పెంచమనీ అనడం లేదు, ఆ మాటకొస్తే ఆస్కార్ వాళ్ల లెక్కలో టైటిల్స్‌తో కలిపి 40 నిమిషాల దాకా షార్ట్ ఫిల్మే. ఆ వీపు షాట్ 19 సెకన్లుంది. అదే 19 సెకన్లలో వాడు గేటు దగ్గర ఆగి, ఫోన్ తీసి, తన చెంపదెబ్బ వీడియో ఇంకోసారి చూసుకుంటే చాలు. కింద కామెంట్లు. ముఖం మీద ఫోన్ వెలుతురు. అప్పుడు గేటు తీసి బయటికొస్తాడు. మీకు కావాల్సిన టెన్షన్ అలాగే ఉంటుంది, పైగా అది వాడి టెన్షన్ అవుతుంది.

ఒకటేటేక్
నేను నటుణ్ణి. పెద్ద వేషాలేం కాదు, షార్ట్ ఫిల్మ్‌లు, వెబ్ సిరీస్‌లో చిన్న చిన్నవి. ఎక్కువగా రౌడీ, రౌడీ పక్కవాడు, స్టేషన్‌లో కింద కూర్చోబెట్టినవాడు. నల్లగా ఉంటాను, దవడలు గట్టిగా ఉంటాయి, కనుబొమ్మ మీద చిన్నప్పుడు పడ్డ గాటు. ఆడిషన్‌కి వెళ్తే నడిచి చూపించమంటారు, గిర్రున తిరిగి చూడమంటారు. డైలాగ్ పేపర్ మాత్రం ఇవ్వరు.

ఒక్క ప్రశ్న. స్క్రిప్టులో ఆ అబ్బాయి పేరేంటి?

రఫ్‌కట్
"కుర్రాడు 2" అని ఉంది. సినిమాలో వాణ్ణి ఎవరూ పేరు పెట్టి పిలవరు, అందుకని పెట్టలేదు.

ఒకటేటేక్
పోయేవాడికి మాత్రం పేరుంది. తల్లి పిలుస్తుంది, స్నేహితుడు పిలుస్తాడు, చివర్లో తెర మీద కూడా వేశారు. చిన్నప్పట్నుంచి ఒకే వీధిలో తిరిగినవాళ్లు గొడవలో పేరు పెట్టి తిట్టుకోకుండా ఎలా ఉంటారండీ? "ఒరేయ్" మీద ఎంతసేపు లాగుతారు? పేరు లేని వేషం చేతికిస్తే నటుడు ఏం చేస్తాడో నాకు తెలుసు. కళ్లు పెద్దవి చేస్తాడు, దవడ బిగిస్తాడు. మీవాడు కూడా అదే చేశాడు పాపం. అతను పనికిరాని నటుడేం కాదు, తోపులాటకి ముందు ఒక్క క్షణం నవ్వబోయి ఆపుకుంటాడు. ఆ ముక్క మీ కట్‌లో ఎలా మిగిలిందో గానీ సినిమా మొత్తం మీద నాకు నచ్చింది అదే.

ఇంకోటి, డబ్బింగ్. పోయేవాడు వార్తలు చదివినట్టు మాట్లాడతాడు. పొడిచేవాడికి యాస, అదీ ఒత్తి ఒత్తి. పక్కపక్క ఇళ్లవాళ్లకి రెండు భాషలు ఎక్కడి నుంచి వచ్చాయి? మన సినిమాల్లో ఇది ముదిరిపోయిన జబ్బు. మంచివాడికి పుస్తకం తెలుగు, కొట్టేవాడికీ నవ్వించేవాడికీ యాస.

రఫ్‌కట్
యాస మేం పెట్టింది కాదు. డబ్బింగ్ చెప్పిన అబ్బాయి మామూలుగా మాట్లాడేదే అలా.

ఒకటేటేక్
మరి అతన్ని ఆ పాత్రకే ఎందుకు పిలిచారు?

తలుపుసందు
తల్లి గురించి ఎవరైనా మాట్లాడతారేమో అని చూస్తున్నా. మొదట్లో నవ్వుతుంది, చివర్లో ఏడుస్తుంది. ఆవిడకి అంతకు మించి పని లేదు. ఆ ఏడుపైనా ఎలా ఉంది? మోకాళ్ల మీద పడుతుంది, తల పైకెత్తుతుంది, కెమెరా క్రేన్ మీద లేస్తుంది.

అలాంటి కబురు అందిన మనిషి మొదట నమ్మదు. ప్రశ్నలు వేస్తుంది. "ఏ ఆసుపత్రికి తీసుకెళ్లారు? వెంట ఎవరెళ్లారు? వాడి ఫోన్ ఎవరి దగ్గరుంది?" ఒక్కొక్కరినీ పట్టుకుని అడుగుతుంటే, సమాధానం తెలిసిన ప్రతివాడూ తల తిప్పుకుంటే, ఆవిడ ఏడవక్కర్లేదు. క్రేన్ అద్దె కూడా మిగులుతుంది.

అది సరే, పొడిచినవాడికి తల్లి లేదా? ఇల్లు లేదా? సినిమాలో వాడు వీధిలోనే మొలిచి వీధిలోనే మాయమైపోతాడు. పొడిచాక వాడు ఇంటికెళ్లి బాత్రూమ్‌లో చేతులు కడుక్కుంటుంటే బయటి నుంచి తలుపు కొట్టి "ఎంతసేపురా లోపల" అని అడిగే గొంతు ఒక్కటి చాలు. మనిషి కూడా కనబడక్కర్లేదు.

సూటిగా
ఆగండాగండి. ఇక్కడ ప్రాణం పోయింది ఎవరిది? పొడిచినవాడికి పేరు కావాలి, ముఖం కావాలి, ఇల్లు కావాలి, బాత్రూమ్ తలుపు కొట్టే తల్లి కావాలి. వాడు చేసింది హత్య. ఇవన్నీ పెడితే చూసే కుర్రాళ్లకి వాడే హీరో అయిపోతాడు. ఎలివేషన్లు చూసి చూసి ఇప్పటికే చెడిపోయి ఉన్నాం. చెడ్డవాణ్ణి చెడ్డవాడిలా చూపించడం తప్పెలా అయింది?

నేపథ్యం
సూటిగా గారి భయం పాతదే, తీసిపారేసేదీ కాదు. హాలీవుడ్ వాళ్లు 1930లో రాసుకున్న ప్రొడక్షన్ కోడ్‌లోనే (సినిమాల్లో ఏం చూపించొచ్చో, ఏం చూపించకూడదో చెప్పే నియమావళి) ప్రేక్షకుడి సానుభూతి నేరం వైపు మళ్లకూడదని ఉంది. 1934 నుంచి దాన్ని గట్టిగా అమలు చేశారు, 1968లో రేటింగ్ పద్ధతి వచ్చాకే అది పోయింది. ఆ కోడ్ కింద నేరం చేసినవాడికి సినిమా ముగిసేలోపు శిక్ష పడి తీరాలి. పడేది కూడా. అయినా ఆ రౌడీల టోపీ, నడక, మాటతీరు జనానికి నచ్చకుండా పోలేదు. చివర్లో పడే శిక్షకి, మధ్యలో ఇచ్చే గ్లామర్‌ని చెరిపేసే శక్తి లేదని నా అభిప్రాయం.

మీరన్న ఎలివేషన్ ఈ కట్‌లో ఎక్కడుందో చూడండి. లో యాంగిల్, బేస్, స్లో మోషన్, ముఖం లేని ఆకారం. ఇది విలన్ ఇంట్రో. రేపు ఈ 19 సెకన్లు కట్ చేసి పాట వేసుకుని స్టేటస్ పెట్టుకోవచ్చు. చెంపదెబ్బ వీడియో చూసుకుంటూ గేటు దగ్గర నిలబడ్డవాణ్ణి ఎవడూ స్టేటస్ పెట్టుకోడు.

తలుపుసందు
నేను ఇల్లు చూపించమంది వాణ్ణి వదిలేయమని కాదు సూటిగా గారూ. తలుపు అవతల ఒక మనిషి ఉండి కూడా వీడు జేబులో కత్తి వేసుకుని బయల్దేరాడంటే నాకు ఇంకా భయం వేస్తుంది. దిక్కూదివాణం లేనివాడు పొడిస్తే "అలాంటివాళ్లు అంతే" అని చూసినవాళ్లు లేచి వెళ్లిపోతారు.

సూటిగా
మీ మాట అర్థమైంది, ఒప్పుకోను. పోయినవాడి తరఫున ఎవరు మాట్లాడతారు మరి?

మూడోవరుస
ఈ సినిమా అయితే వాడి తరఫున కూడా మాట్లాడలేదు. వాణ్ణి కడిగి, తుడిచి, పటం కట్టింది.

వీడియో అందరికీ పంపింది ఎవరు? వాడే. సినిమాలో ఆ సంగతి స్నేహితుడి నోట ఒక్క ముక్కలో వస్తుంది, అదీ బండి హారన్ కింద. పంపడం మనకి చూపించరు. చూపిస్తే జాలి తగ్గుతుందని భయం. బదులుగా ఏం చూపించారు? పుస్తకాలు, గోడ మీద మెడల్, తల్లి కాళ్లకి మందు రాయడం. మెడల్ లేని పిల్లాడు పోతే మనం తక్కువ బాధపడాలా? చదువు రానివాడు, తల్లి మీద అరిచేవాడు, నిన్న తనూ ఒకణ్ణి కొట్టినవాడు వీధిలో కత్తిపోటుకి పోతే వాడి చావుకి విలువ లేదా? మంచి పిల్లాడు అని రుజువు చేసుకుంటే తప్ప వాడి కోసం ఏడవనివ్వను అని మీ సినిమా షరతు పెడుతోంది.

పంపే షాట్ పెట్టండి. వీడియో చూస్తాడు, ముసిముసిగా నవ్వుకుంటాడు, నలుగురి పేర్ల పక్కన టిక్ పెడతాడు, నొక్కుతాడు, ఫోన్ జేబులో వేసుకుని వేరే మాటల్లో పడతాడు. ఆ వయసులో ఎవరైనా చేసే వెధవపని. అది చూశాక వాడి చావు చూడమనండి, కడుపులో దేవుతుంది.

రఫ్‌కట్
ఇది నాకు పట్టుకుంది. ఆ షాట్ నిజానికి తీశాం, ఎడిట్‌లో తీసేశాం. హార్డ్ డిస్క్‌లో ఉంది.

కటింగ్‌టేబుల్
ఎడిటర్‌ని తిట్టే ముందు ఎడిటర్ల తరఫున ఒక మాట. ఇలాంటి షాట్లు తీసేయమని చెప్పేది ఎప్పుడూ డైరెక్టర్లే.

అత్యవసరం
నేను క్యాజువాలిటీలో పనిచేస్తాను. సినిమాలు తీసే అనుభవం లేదు. పొడిచే సీను ఒక్కదాని గురించే రాస్తాను, అందులో పాత్రల సంగతి కూడా ఉందనిపించింది.

మీ సినిమాలో పొడవగానే అబ్బాయి కళ్లు తేలేస్తాడు, నోటి చివర నెత్తురు, స్నేహితుడి ఒళ్లో పడుకుని ఇరవై సెకన్లు మాట్లాడతాడు, తల వాలుస్తాడు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది "గుద్దాడనుకున్నాను" అంటారు. చొక్కా తడిసినట్టు అనిపించాక చెయ్యి పెట్టి చూసుకుంటారు. పైకి కనిపించే గాయం చిన్నదే, నెత్తురంతా లోపల పోతుంటుంది. కొంతమంది నడుచుకుంటూ వస్తారు, తిడుతూ వస్తారు, కాసేపటికి చల్లబడిపోతారు. తొడలో పొడిస్తే ఏం కాదని ఒక నమ్మకం ఉంది, బెదిరించడానికి అక్కడ పొడిచామని చెప్పేవాళ్లున్నారు. తొడ గుండా పెద్ద రక్తనాళం వెళ్తుంది. అది తెగితే నిమిషాల్లో ప్రాణం పోతుంది.

అంటే పొడిచినవాడికి కూడా తను ఏం చేశాడో ఆ క్షణాన తెలియదు. పోటు తిన్నవాడు ఇంకా నిలబడే ఉంటాడు. ఇంకా తిడుతూనే ఉంటాడు. మీ సినిమాలో వాడు కత్తి దించగానే క్రూరంగా చూసి నడిచి వెళ్లిపోయాడు. వెళ్లకుండా, ఎదుటివాడు చొక్కా పట్టుకుని కిందికి జారుతుంటే "నాటకాలాడకు, లే" అంటే ఎలా ఉంటుంది?

ఇది మాత్రం పాత్రలతో సంబంధం లేకపోయినా రాయాలి. మీ స్నేహితుడి పాత్ర గాయంలోంచి కత్తి లాగి పారేస్తుంది. దయచేసి ఆ షాట్ తీసేయండి. గుచ్చుకున్న కత్తి చాలాసార్లు నెత్తుర్ని ఆపి ఉంచుతుంది, లాగితే వరద. కత్తిని కదపకుండా దాని చుట్టూ గుడ్డతో నొక్కాలి, కత్తి లేకపోతే గాయం మీదే గట్టిగా నొక్కి పట్టుకోవాలి, అంబులెన్స్ పిలవాలి. చూసినవాళ్లు సినిమాలో చూసిందే చేస్తారు.

ఫైట్‌కాల్
అత్యవసరం గారు చెప్పింది ఫైట్ వైపు నుంచి కూడా నిజమే. ఫైట్ కంపోజింగ్‌లో అసిస్టెంట్‌గా చేశాను. రఫ్‌కట్ గారి ఫైట్ చాలా బాగుంది, అదే దాని లోపం. బ్లాక్, పంచ్, లాక్, రివర్స్. ఈ పిల్లలకి ఇవన్నీ ఎవరు నేర్పారు?

రాండల్ కాలిన్స్ అనే సోషియాలజిస్ట్ 2008లో హింస మీద ఒక లావుపాటి పుస్తకం రాశాడు. గొడవల ఫోటోలు, వీడియోలు దగ్గరగా చూసి ఆయన తేల్చిన సంగతి ఏంటంటే, మనుషులు కొట్టుకోవడంలో చాలా అధ్వాన్నం. ఎదురెదురుగా నిలబడ్డప్పుడు ఇద్దరికీ టెన్షన్, భయం. అందుకే చాలా గొడవలు అరుపులతో, తోపులాటతో ఆగిపోతాయి. దాటినవి కూడా ఎక్కువగా గుడ్డిగా, పొట్టిగా, తగలని దెబ్బలతో సాగుతాయి. మాకు డబ్బులొచ్చేది దీనికి పూర్తిగా విరుద్ధమైన ఫైట్లు కంపోజ్ చేసినందుకు, అది వేరే సంగతి.

మీవాళ్లిద్దరికీ భయం ఇవ్వండి. చొక్కా కాలర్లు పట్టుకుని ఎవరూ వదలని తోపులాట. ఒకడి చెప్పు ఊడుతుంది, దాని కోసం కిందికి చూస్తాడు. పక్కవాళ్లు విడదీస్తారని ఇద్దరూ లోపల్లోపల ఎదురుచూస్తుంటారు. ఎవరూ రారు. వెనక్కి తగ్గితే దాన్నీ వీడియో తీస్తారు. కత్తి వచ్చేది అక్కడ.

నేపథ్యం
"ఎవరూ రారు" దగ్గర ఆగుతా. అది నిజమా?

జనం ఫోన్లు పట్టుకుని చోద్యం చూడటం ఇప్పుడు ప్రతి షార్ట్ ఫిల్మ్‌లోనూ ఉంది. దాని మూలం చాలా వెనక్కి పోతుంది. 1964లో న్యూయార్క్‌లో కిట్టీ జెనోవీస్ అనే యువతిని ఇంటి దగ్గరే పొడిచి చంపారు. 38 మంది చూస్తూ ఊరుకున్నారని పత్రిక రాసింది. ఆ వార్త చదివి ఇద్దరు సైకాలజిస్టులు ప్రయోగాలు చేశారు, జనం పెరిగేకొద్దీ సాయం చేసే బాధ్యత ఒకరి మీద ఒకరు వదిలేస్తారన్న సిద్ధాంతం అలా పాఠాల్లోకి ఎక్కింది. ఆ 38 మంది కథ మాత్రం నిలబడలేదు. దాడి మొత్తాన్ని చూసినవాళ్లు బహు కొద్దిమంది. 2016లో అదే పత్రిక తన పాత వార్తలో తప్పులున్నాయని రాసింది. ఆ రాత్రి ఒక పొరుగింటావిడ కిందికి దిగి వచ్చి, ప్రాణం పోతున్న ఆ అమ్మాయిని చేతుల్లోకి తీసుకుంది. 38 మంది పిరికివాళ్ల కథలో ఆవిడకి చోటు లేదు. దిగి వచ్చిన మనిషిని పక్కన పెడితే తప్ప "లోకం ఇంతే" అని రాయడం కుదరదు కదా.

ఇంకో లెక్క. ఇంగ్లండ్, నెదర్లాండ్స్, దక్షిణాఫ్రికాల్లో మూడు నగరాల సీసీటీవీ ఫుటేజ్‌లో దొరికిన 219 వీధి గొడవలు కూర్చుని చూశారు పరిశోధకులు. పదింట తొమ్మిది గొడవల్లో కనీసం ఒక్కరైనా అడ్డుపడ్డారు. జనం ఎక్కువున్న చోట ఎవరో ఒకరు కలగజేసుకోవడం ఇంకా ఎక్కువ. మాటలతో ఆపడం, చెయ్యి పట్టి లాగడం, మధ్యలో నిలబడటం, దెబ్బ తిన్నవాడి పక్కన కూర్చోవడం, అన్నీ కలిపి.

కాబట్టి రఫ్‌కట్ గారూ, మీ ఇరవై ఫోన్ల గుంపు చూడ్డానికి చేదు నిజంలా ఉంది గానీ ఎక్కువ భాగం అలవాటు. జూనియర్ ఆర్టిస్టులకి ఫోన్లు ఇచ్చి నిలబెట్టడం తేలిక. ఒకడు ఫోన్ తీస్తాడు, ఒకావిడ "వదలండ్రా" అని అరుస్తుంది, ఒక పెద్దాయన చెయ్యి పట్టుకోబోయి తోపుకి పడిపోతాడు, ఇంకొకడు తన పిల్లాడి కళ్లు మూసి లోపలికి తీసుకెళ్తాడు. అప్పుడు గుంపులో మనుషులు ఉంటారు. ఆపాలని చూసినా ఆగలేదన్నది, ఎవరూ ఆపలేదన్నదానికంటే బరువైన కథ.

సూటిగా
ఇది మాత్రం నాకు నచ్చింది. "జనం చచ్చిపోయారు" టైపు సినిమాలు చూసి విసుగొచ్చింది. ఆ అరిచే ఆవిడని తప్పకుండా పెట్టండి.

ఫోకస్‌పుల్లర్
కెమెరా వైపు నుంచి. కత్తి క్లోజప్పులు ఆరున్నాయి. ఒకటి మెరుపుతో, స్లో మోషన్‌లో. 1987లో సైకాలజిస్టు లాఫ్టస్ బృందం చేసిన ప్రయోగం గుర్తొచ్చింది. స్లైడ్లలో ఒకతను కౌంటర్ దగ్గర చెక్కు ఇస్తాడు, రెండో రకంలో అతనే తుపాకి చూపిస్తాడు. చూసేవాళ్ల కళ్లు ఎక్కడెక్కడ ఆగాయో కొలిచారు. తుపాకి ఉన్నప్పుడు చూపు దానికే అతుక్కుపోయింది, ఆ మనిషి ముఖం తర్వాత సరిగ్గా గుర్తుపట్టలేకపోయారు.

ఫ్రేములో కత్తి ఉంటే ముఖం ఎలాగూ పోతుంది. మీరు క్లోజప్ వేసి దాన్ని ఇంకా పెద్దది చేశారు. సరిగ్గా ఆ మూడు సెకన్లలోనే పొడిచేవాడు ఏదో తేల్చుకుంటున్నాడు. నాకైతే కత్తి ఫ్రేము బయట ఉండాలి. పోయేవాడి చూపు కిందికి వెళ్తుంది, అప్పుడు కత్తి ఉందని మనకి తెలుస్తుంది. ఇద్దరి ముఖాలూ ఒకే టూ షాట్‌లో, ఒకే ఎత్తులో. ఎవరి మీదా లో యాంగిల్ వద్దు. లెన్స్ కూడా ఇద్దరికీ ఒకటే వాడండి. ఇప్పుడు పొడిచేవాడికి వైడ్ పెట్టి ముక్కు సాగదీశారు, పోయేవాడికి 85 ఎం.ఎం. లెన్స్ పెట్టి ఫోటో స్టూడియో చేశారు.

కటింగ్‌టేబుల్
ఇంత సేపూ ఒక మనిషిని అందరం మర్చిపోయాం. స్నేహితుడు. ఇద్దరికీ తెలిసినవాడు, సినిమా మొత్తం పక్కనే ఉన్నవాడు. వాడి రియాక్షన్ షాట్లు నాలుగు. నాలుగూ ఒకటే ముఖం.

ఆ ముఖాన్నే వాడుకోవచ్చు. సోవియట్ దర్శకుడు కులెషోవ్ ప్రయోగం మనలో చాలామందికి తెలిసిందే, భావం లేని ఒకే ముఖం పక్కన వేరే వేరే షాట్లు పెడితే చూసేవాళ్లు ఆ ముఖంలో వేరే వేరే భావాలు చదువుకుంటారు. రఫ్‌కట్ గారు పంపిన ఫుటేజ్‌తో నేను ఒక అల్లరి చేశా. గొడవలో ఉన్న స్నేహితుడి క్లోజప్ ఒకటి తీసి మూడో నిమిషంలో పెట్టా. పొడిచేవాడు బైక్ ఎక్కుతూ జేబు తడుముకునే షాట్ ఉంది కదా, దాని పక్కన. ముఖం అదే, నటన అదే. కానీ ఇప్పుడు వాడికి కత్తి సంగతి తెలుసు. తెలిసీ బండి వెనక ఎక్కి కూర్చున్నాడు. ఒక్క కట్‌తో సినిమాలో అందరికంటే బరువైన పాత్ర వాడిదైపోయింది.

అలాంటివాడు ప్రతి గొడవలోనూ ఉంటాడు. ఆపాలనుకుంటాడు, అడిగితే తనని పిరికివాడంటారేమో అని ఊరుకుంటాడు. తర్వాత పోలీసులు అడిగితే "నేను చూడలేదు" అంటాడు. పొడిచినవాడి చరిత్ర ఎంత చూపించాలి, పోయినవాడి మంచితనం ఎంత చూపించాలి అని మనం కొట్టుకునేకంటే కథని వాడి కళ్లతో నడపండి. వాడికి ఇద్దరి పేర్లూ తెలుసు. ఇద్దరి ఇళ్లూ తెలుసు. ఎవరి తప్పు ఎంతో కూడా తెలుసు.

మూడోవరుస
అల్లరి కాదు, ఇది సినిమా.

ఫైట్‌కాల్
దీనికి పూర్తిగా అవతలి దారి కూడా ఉంది. బ్రిటిష్ దర్శకుడు ఆలన్ క్లార్క్ 1989లో బీబీసీకి తీసిన ఎలిఫెంట్ అనే సినిమా. 39 నిమిషాలు, 18 హత్యలు, దాదాపు మాటల్లేవు. ఎవడో నడుచుకుంటూ వస్తాడు, కెమెరా వెనకే వెళ్తుంది, చంపుతాడు, వెళ్లిపోతాడు. పేరు లేదు, కారణం లేదు. అందులో ఉన్నది వీపులే. అక్కడ వీపు తప్పు కానప్పుడు ఇక్కడెందుకు తప్పవుతుంది?

కటింగ్‌టేబుల్
అందులో చంపేవాడికీ చచ్చేవాడికీ ఇద్దరికీ ఏమీ ఇవ్వలేదు కాబట్టి. మ్యూజిక్ కూడా లేదు. పైగా అది ఉత్తర ఐర్లాండ్ గొడవల మధ్యలో, రోజూ ఆ హత్యల వార్తలు వింటున్నవాళ్ల కోసం తీసింది. కారణాలు వాళ్ల బుర్రలో ముందే ఉన్నాయి, ఎక్కువే ఉన్నాయి. వాటిని ఊడబెరికి చావుల్ని వరసగా పెట్టడమే ఆ సినిమా చేసిన పని. రఫ్‌కట్ గారి సినిమాలో ఒకడికి మాత్రమే ముఖం తీసేశారు. దాన్ని పద్ధతి అనలేం.

ఒకటేటేక్
ఇంకో సంగతి, చివరి కార్డు. నల్ల తెర మీద "హింసకు నో చెప్పండి" అని వేశారు. అప్పటిదాకా నటులు మోసుకొచ్చినదంతా అక్కడ ఆఫీసు నోటీసు అయిపోయింది. తీసేయండి.

సూటిగా
కార్డు ఉండాలంటాను నేను. స్కూళ్లలో వేస్తారేమో, అక్కడ పనికొస్తుంది.

అత్యవసరం
కార్డు ఉంచేటట్టయితే గాయం మీద నొక్కి పట్టుకోండి, అంబులెన్స్ పిలవండి అని వేయండి. దానివల్ల ఎవరికైనా ఉపయోగం ఉంటుంది.

రఫ్‌కట్
రెండు రోజులుగా ఈ థ్రెడ్ చదువుతూ టీంతో కూర్చున్నాం. ప్యాచ్ వర్క్ షూట్ (కావాల్సిన షాట్లు మాత్రం మళ్లీ తీసే షూట్) పెట్టుకుంటున్నాం. గేటు షాట్ మళ్లీ తీస్తాం, ఫోన్‌తో, ముఖంతో. వీడియో పంపే షాట్ హార్డ్ డిస్క్‌లోంచి వెనక్కి వస్తుంది, మెడల్ పోతుంది. పొడిచేవాడికి పేరు పెట్టాం, తోపులాటలో ఇద్దరూ పేర్లతోనే తిట్టుకుంటారు. ఇద్దరికీ ఒకే భాష, పుస్తకం తెలుగు డబ్బింగ్ తీసేసి నటులతోనే చెప్పిస్తున్నాం. కత్తి లాగే షాట్ ఔట్. స్నేహితుడు చొక్కా విప్పి గాయం మీద నొక్కుతాడు, వాడు చేసే ఒకే ఒక్క పని అదే, అదీ ఆలస్యంగా. గుంపులో అరిచే ఆవిడ వస్తుంది. క్రేన్ పోయింది, ప్రొడ్యూసర్ మా అందరికంటే సంతోషంగా ఉన్నాడు.

ఒకటి మాత్రం మార్చను. తలుపుసందు గారు అడిగిన బాత్రూమ్ సీను. రాసి చూశాను, చాలా బాగుంది, అందుకే భయపడ్డాను. ఆ గొంతు వినబడితే చివరి మూడు నిమిషాలూ ప్రేక్షకుడు ఆ ఇంట్లోనే ఉండిపోతాడు. నాకు ప్రేక్షకుడు వీధిలో ఉండాలి, ఆసుపత్రి పేరు అడుగుతున్న తల్లి దగ్గర. ఈ విషయంలో నేను సూటిగా గారి వైపు.

తలుపుసందు
మీ సినిమా మీ ఇష్టం. కానీ అలాగైతే మొదట్లో పోయినవాడి ఇల్లు కూడా ఉండకూడదు. కిటికీ వెలుతురు, తల్లి మీద జోకులు, అన్నీ పోవాలి. ఒకడికి ఇల్లిచ్చి ఇంకొకడికి వీధి ఇస్తే ముఖం, వీపు తగువు మళ్లీ మొదటికొచ్చినట్టే. రెండిళ్లూ ఉంచండి, లేదా రెండూ తీసేయండి. ఆ తల్లిని మొదటిసారి వీధిలోనే చూస్తాం, ప్రశ్నలు అడుగుతూ.

సూటిగా
తల్లి ముందు కనబడకపోతే చివర్లో ఆవిడెవరో ఎలా తెలుస్తుంది?

తలుపుసందు
"వాడి ఫోన్ ఎవరి దగ్గరుంది" అని అడిగే మనిషి ఎవరో ప్రేక్షకుడికి ఎవరూ చెప్పక్కర్లేదండీ.

రఫ్‌కట్
కిటికీ సీను తీసేయమంటే మా డీఓపీ (కెమెరామన్) నాతో మాట్లాడటం మానేస్తాడు. ఆ వెలుతురు కోసం పొద్దున్నే లేచి కూర్చున్నాడు.

ఫోకస్‌పుల్లర్
మానేయనివ్వండి. అలాంటి వెలుతురు తన పని చూపించుకునే షోరీల్‌లో పెట్టుకోవడానికి పనికొస్తుంది.

కటింగ్‌టేబుల్
రెండిళ్లు ఉన్న వెర్షన్, రెండూ లేని వెర్షన్, రెండూ కట్ చేసి చూద్దాం. ప్యాచ్ షూట్ అయ్యాక ప్రాక్సీలు (ఫుటేజ్ తేలికపాటి కాపీలు) పంపండి. బాత్రూమ్ గొంతు కూడా ఫోన్‌లో రఫ్‌గా రికార్డ్ చేసి పంపండి, వాడినా వాడకపోయినా పైలట్ ట్రాక్‌లో (తాత్కాలిక సౌండ్ ట్రాక్) వేసి ఒకసారి వింటే గానీ తేలదు. సినిమా 11 నిమిషాలకి దిగితే నాకేం బాధ లేదు.